నీళ్లకు రెండో దారి

ముందు చెవి పెట్టండి. హనుమకొండలో ఒక ఇంటి ముందు గది, రాత్రి ఎనిమిది దాటింది. టీవీ బంద్ చేశారు, ఫ్యాన్ కూడా ఆపేశారు. అయినా గది నిండా చప్పుడే. సన్నటి గుటగుటలతో మొదలై, పోనుపోను జోరందుకుని, ఆఖర్న గాలిని లాగేసుకుంటూ పెద్ద గురక. ఒక పది సెకన్లు ఏమీ వినపడదు. ఆగిందిలే అనుకునేలోగా మళ్లీ గుటగుట.

చప్పుడు వచ్చేది మీ ఎదురుగా ఇనుప స్టాండు మీదున్న గాజు ట్యాంకు వెనక నుంచి. నాలుగడుగుల ట్యాంకు. పొడవు 122 సెంటీమీటర్లు, వెడల్పు 46, ఎత్తు 46. నిండితే 250 లీటర్ల దాకా పడతాయి. చేపలు ఇంకా రాలేదు. కడిగిన ఇసుక, రెండు చెట్టు మొద్దులు, నీళ్లు, అంతే. లోపల వెనక గోడకు ఆనించి 30 సెంటీమీటర్ల పొడవున నల్ల గాజుతో ఒక సన్నటి అర కట్టి ఉంది. దాని పైఅంచు ట్యాంకు అంచు కన్నా ఐదు సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. అక్వేరియం వాళ్లు దాన్ని ఓవర్‌ఫ్లో బాక్సు అంటారు. ట్యాంకులో నీళ్లు ఆ అంచు దాకా వచ్చి, దాటి, అరలోకి దూకుతాయి. అరలోని అంగుళం పైపు పట్టుకుని కిందికి పోతాయి.

స్టాండు తలుపులు తెరిచి వంగి చూడండి. చీకట్లో ఇంకో చిన్న తొట్టి ఉంది, సంపు. మూడు గదులు. మొదటి దాంట్లో స్పాంజీలు, రెండో దాంట్లో సిరామిక్ రింగులు, చివరి దాంట్లో మునిగి ఉన్న పంపు. పైనుంచి దిగిన నీళ్లు వడపోత దాటి పంపు గదికి చేరితే, పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఈ తిరుగుడులో కరెంటు ఖర్చయ్యేది ఎక్కించడానికే. దించే పని నీటి బరువే చూసుకుంటుంది.

మీ పక్కనే, ట్యాంకు కట్టినతను చిన్న టార్చి పళ్ల మధ్య పట్టుకుని స్టాండు లోపలికి దూరి ఉన్నాడు. ముప్పై దాటని మనిషి, వేళ్ల నిండా ఎండిన సిలికాన్. వెనక ఇంటాయన నిలబడి ఉన్నాడు. మూలన కుర్చీలో ఇంటాయన తండ్రి. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన పెద్దాయన. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"పంపు పెద్దగైనట్టున్నది అన్నా," అంటున్నాడు టార్చి తీసి.

"పెద్దగైతే నీళ్లు పొంగాలె గదా తమ్మీ. గీ సప్పుడేంది?"

లేచి పైనుంచి అరలోకి చూడండి, సంగతి తెలుస్తుంది. నీటిమట్టం మీ కళ్ల ముందే పెరుగుతోంది. పైపు మూతి మునిగింది, దాని మీద సుడి లేచింది. సుడి పూడుకుపోయిన క్షణాన పైపు పై నుంచి కింది దాకా నీటితోనే నిండిపోతుంది, గాలి చుక్క ఉండదు. అదే సైఫన్. సంపులో నీటిమట్టం ఇక్కడికి 85 సెంటీమీటర్ల దిగువన ఉంది. అంత పల్లానికి గాలి కలవకుండా పారే అంగుళం పైపు గంటకు సుమారు 3,000 లీటర్లు మింగగలదు. పంపు అంత పోయడం లేదు. అందుకే అర చూస్తుండగానే ఖాళీ అవుతుంది, పైపు మూతి తేలుతుంది, గాలి జొరబడి గురక పెడుతుంది. సైఫన్ తెగిపోయింది. ఇక గాలీ నీళ్లూ కలిసి దిగుతున్న పైపుకు పంపు పోసేదంతా మింగే సత్తువ లేదు. అర మళ్లీ నిండడం మొదలు. సైఫన్ ఉంటే ఎక్కువ, లేకుంటే తక్కువ. పంపు ఇచ్చేది ఆ రెంటికీ నడుమ చిక్కుకుంది.

అసలు పంపు ఇస్తున్నదెంత? డబ్బా మీద గంటకు 3,000 లీటర్లని పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంటాయన దాన్నే నమ్ముకున్నాడు.

"బకీటు పెట్టి కొల్వుండ్రి," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి.

పైపు చివర పట్టి పది లీటర్ల బకెట్‌లోకి వదిలారు. మీరు గడియారం చూడండి. 24 సెకన్లలో నిండింది. పది లీటర్లకు 24 సెకన్లంటే గంటకు 1,500. డబ్బా మీది అంకెలో సగం. మోసమేమీ లేదు. ఆ అంకె, పంపు ఏ ఎత్తుకూ ఎక్కించనక్కర్లేనప్పుడు ఇచ్చే నీళ్లది. ఇక్కడ 120 సెంటీమీటర్లు ఎక్కాలి, దారిలో మూడు ఎల్బోలు తిరగాలి. ప్రతి మలుపూ కొంత తీసుకుంటుంది. డబ్బా పక్కవైపు చిన్నగా ఒక వంకర గీత ముద్రించి ఉంటుంది, ఏ ఎత్తుకు ఎంత నీరో చెప్పే గీత. పంపు కొనేవాళ్లు చూడాల్సింది దాన్నే. తెచ్చి బిగించాక బకెట్‌తో కొలవాల్సిందే. కొలవకుండా పైపులు కోయడం దండగ.

ఇంటాయనకు 1,500 తక్కువనిపించింది గానీ ఈ ట్యాంకుకు అది మంచి అంకె. 250 లీటర్లు గంటకు ఆరుసార్లు వడపోత గుండా తిరిగినట్టు. పైగా తెచ్చేది ఏంజెల్ చేపలు. నిలువుగా, వెడల్పుగా ఉండే ఒళ్లు, పొడుగు రెక్కలు. ఉద్ధృతమైన పారుదల వాటికి పడదు.

ఇప్పుడు ట్యాంకతను డ్రెయిన్ పైపు కింది చివర గేట్ వాల్వ్ బిగిస్తున్నాడు. బాల్ వాల్వ్ చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాడు, మంచి పని చేశాడు. బాల్ వాల్వ్ పావు తిప్పుకే పూర్తిగా మూసుకుంటుంది. వెంట్రుకవాసి కదిపితే వందల లీటర్ల తేడా. గేట్ వాల్వ్‌కు చాలా చుట్లుంటాయి, కొద్దికొద్దిగా బిగించుకోవచ్చు. కొందరు ఈ బిగింపు పంపు వైపు పెడతారు. పంపు నీళ్లు బయటికి తోసే పైపు మీదైతే ఫరవాలేదు. పంపు పీల్చుకునే మూతిని మాత్రం ఎప్పుడూ నొక్కకూడదు, నీళ్లందక అది పాడైపోతుంది.

పంపు ఆన్ చేశారు. అతను వాల్వ్‌ను కాస్త కాస్త బిగిస్తున్నాడు. గురకల మధ్య ఎడం పెరిగింది. ఇంకో అర చుట్టు. చప్పుడు ఆగిపోయింది. అరలో నీళ్లు పైపు మూతికి నాలుగు వేళ్ల పైన కదలకుండా నిలబడ్డాయి. పంపు పోసిందే పైపు తాగుతోంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లోపలి నుంచి చాయ్ వచ్చింది.

మీరు చాయ్ తాగుతూ ఆ నీటిమట్టం మీదే కన్నేసి ఉంచండి. గాజు మీద అతను పెన్‌తో గీసిన గుర్తుకు నీళ్లు సరిగ్గా ఆని ఉన్నాయి. కప్పు ఖాళీ అయ్యేసరికి గుర్తు మునిగింది.

"తాతా, నీళ్లు పైకొస్తున్నయ్," అంది మనవరాలు, ముక్కు గాజుకు ఆనించి.

ట్యాంకతను వాల్వ్ వెంట్రుకంత వదిలాడు. కాసేపటికి మట్టం దిగడం మొదలుపెట్టింది, దిగుతూనే పోయింది. మళ్లీ బిగించాడు. మళ్లీ ఎక్కింది.

ఇక్కడ అతని పనితనంలో లోపం లేదు. సరిసమానం చేయడమన్నదే ఇక్కడ నిలబడే పని కాదు. సైఫన్‌లో పారే నీరు, పల్లం ఎంతుందో దాని వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పల్లం 85 సెంటీమీటర్లు. అరలో నీళ్లు రెండు సెంటీమీటర్లు పెరిగినా పారుదల నూటికి ఒక వంతే పెరుగుతుంది. పంపు కాస్త జోరైనా, పైపులో పాకుడు పట్టినా, స్పాంజీలో పీచు అడ్డుపడినా నూటికి ఐదు వంతుల తేడా ఇట్టే వస్తుంది. ఆ ఐదు వంతులు సర్దుకోవాలంటే అరలో మట్టం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు మారాలి. అంత చోటు ఎక్కడుంది? ఒక పక్క మూతి తేలి గురక, ఇంకో పక్క పొంగు. రెండు పంపులు పెట్టి ఒకటి ఎక్కించి ఒకటి దించుదామనుకునే వాళ్లకూ ఇదే గతి, ఇంకా తొందరగా. రెండు పంపులు ఎన్నడూ ఒక్క తీరుగా నడవవు. గంటకు పది లీటర్ల తేడా ఉన్నా తెల్లారేసరికి ఏదో ఒక తొట్టి పొంగి తీరుతుంది.

పెద్దాయన లేచి వచ్చాడు. వేలితో గాజు మీద తట్టాడు.

"చెరువుకు తూమొక్కటి పెట్టి, వాన ఎంత పడ్తె గంత తూము తెరుస్త అంటె అయితదా బిడ్డా? మత్తడి ఉండాలె."

ట్యాంకతను తల గోక్కున్నాడు. "మత్తడి ఉన్నది గదా బాపూ, గీ అంచు."

"అది పెద్ద చెరువుకు. గీ అరకేది?"

ఆయన మాటలో సగం ఉద్యోగం, సగం ఈ నేల. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలంలో కట్టిన చెరువులు. కట్ట, తూము, మత్తడి, ఈ మూడూ కలిస్తేనే చెరువు. తూము మనం తెరిస్తే తెరుచుకుంటుంది, మూస్తే మూసుకుంటుంది. మత్తడికి తెరిచేవాళ్లు ఉండరు. ఎక్కువైన నీళ్లు వాటంతటవే దాని మీదుగా దూకిపోతాయి. అది లేకుంటే వరద కట్ట మీదుగా పారుతుంది, కట్ట తెగుతుంది. మత్తడి గొప్పతనం పొడవులో ఉంది. అంచు మీదుగా పారే నీరు, ఆ అంచు పైన నీటి మందం కన్నా వేగంగా పెరుగుతుంది. అమెరికాలోని లోవెల్ పట్టణంలో జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజనీరు కాలువల మీద కొలిచి 1855లో అచ్చువేసిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

ఆ లెక్క ఈ ట్యాంకుకు వేసి చూడండి. ఓవర్‌ఫ్లో బాక్సు అంచు 30 సెంటీమీటర్లు. గంటకు 1,500 లీటర్లు దాని మీదుగా దూకాలంటే అంచు పైన నీళ్లు 8 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. పంపును రెట్టింపు చేసి 3,000 పోయండి, మందం 13 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అంతే. పంపు రెట్టింపయితే ట్యాంకు మట్టం అర సెంటీమీటరు కదిలిందన్నమాట. చేపలు దూకిపోకుండా కొందరు ఆ అంచుకు దువ్వెన పళ్ల మాదిరి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. పళ్లు సగం చోటు తినేస్తే పొడవు సగమైనట్టే, 1,500 లీటర్లకే 13 మిల్లీమీటర్లు లేస్తుంది. బాక్సు చేయించేటప్పుడు అంచు ఎంత పొడవైతే అంత మేలని నేను గట్టిగా చెప్తాను.

అరలో మాత్రం ఉన్నది తూమొక్కటే. దానికో మత్తడి కావాలి.

ఆ రాత్రికి అదృష్టం కలిసొచ్చింది. అర అడుగున ఇంకో రంధ్రం ముందే కొట్టి ఉంది. పంపు నీళ్లు పైకొచ్చే పైపు దాంట్లోంచి వస్తోంది. ట్యాంకతను దాన్ని పీకి, పైకొచ్చే పైపును ట్యాంకు వెనక అంచు మీది నుంచి వంపు తిప్పి దించాడు. ఖాళీ అయిన రంధ్రంలో ట్యాంక్ నిపుల్ బిగించి, పొడుగు పైపు నిలబెట్టాడు. దీని మూతి బాక్సు అంచుకు ఐదారు సెంటీమీటర్ల కింద ఉంది, తూము పైపు మూతి అంతకన్నా 15 సెంటీమీటర్లు లోతుకు కోశాడు. రెండో పైపుకు వాల్వ్ పెట్టలేదు. ఎప్పుడూ పెట్టకూడదు కూడా. మొదటిది పూర్తిగా పూడుకుపోయిన నాడు మొత్తం నీళ్లు ఇదొక్కటే మోయాలి. పగడాల ట్యాంకులు పెంచే అమెరికా వాళ్లు దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఇంకో అడుగు ముందుకేసి మూడు పైపులు పెట్టేది బీన్ యానిమల్ పద్ధతి. ఒకటి సైఫన్, ఒకటి సన్న ధార, మూడోది ఆపద్ధర్మానికి ఎండుగా. కొత్తగా ట్యాంకు చేయించుకునే వాళ్లెవరైనా మూడు రంధ్రాలు కొట్టించుకోవాలని నా కోరిక. గాజుకు రంధ్రం ముందు కొట్టడం సులువు, నీళ్లు పోశాక కుదరదు.

పైపులు అతికించిన సొల్యూషన్ ఆరింది. పంపు ఆన్.

మొదట భయపెట్టేంత చప్పుడు. అర నిండి, నీళ్లు రెండో పైపులోకి కుమ్మరిస్తున్నాయి. సైఫన్ పైపులో ఇంకా గాలి ఉంది. సంపులో దాని చివర చూడండి, బుడగలు గుంపులుగా తన్నుకొస్తున్నాయి. ఆ చివర నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లే మునిగి ఉండాలి. లోతుగా ముంచితే గాలి బయటికి రాలేక సైఫన్ పట్టదు. బుడగలు పలచబడ్డాయి, ఆగాయి. అరలో మట్టం కిందికి జారింది. అతను వాల్వ్ బిగిస్తూ, బిగిస్తూ, రెండో పైపు మూతి చుట్టూ సన్నటి ధార జాలువారే దగ్గర చెయ్యి తీశాడు.

చప్పుడు లేదు. పంపు సన్నటి మూలుగు తప్ప ఏదీ లేదు. పక్కింటి టీవీలో వార్తలు వినపడుతున్నాయి.

ఇప్పుడు మట్టం ఎక్కడికీ పోదు, ఎంతసేపైనా చూడండి. పంపు నూటికి ఐదు వంతులు ఎక్కువ పోసినా ఆ అదనం రెండో పైపు అంచు మీదుగా దిగిపోతుంది. దానికి మట్టం పెరగాల్సింది మూడు మిల్లీమీటర్లు కూడా కాదు. ఇందాక ఎనిమిదిన్నర సెంటీమీటర్లు కావలసివచ్చిన సర్దుబాటు ఇది. నూటికి తొంభై అయిదు వంతుల నీళ్లు చప్పుడు లేకుండా సైఫన్ మోస్తుంది, నిలకడ ఇచ్చేది మాత్రం ఆ సన్న ధారే.

"కరెంటు పోతే?" అన్నాడు పెద్దాయన.

ట్యాంకతను స్విచ్ ఆపాడు. ఇది తప్పకుండా దగ్గరుండి చూడాల్సిన ఘట్టం, కిందికి కూర్చోండి. అంచు మీది 8 మిల్లీమీటర్ల నీళ్లు బాక్సులోకి దిగాయి. బాక్సులోవి ఐదారు లీటర్లు సైఫన్ లాగేసింది. అక్కడితో ఆగాలి, ఆగలేదు. పంపు పైపు కొస ట్యాంకు నీళ్లలో ఏడు సెంటీమీటర్లు మునిగి ఉంది. పంపు ఆగిపోయాక ఆ పైపే తలకిందులుగా సైఫనై ట్యాంకు నీళ్లను సంపులోకి దింపుతోంది. ట్యాంకులో ఒక్క సెంటీమీటరు అంటే ఐదున్నర లీటర్లు. ఏడు సెంటీమీటర్లకు 39 లీటర్లు, బాక్సులోవి కలిపితే 44. సంపులో మిగిలిన చోటు 33. మట్టం గాజు అంచును తాకి, ఒక చార నేల మీదికి జారింది. ఇంటాయన తువ్వాలు కోసం లోపలికి పరుగెత్తాడు. ట్యాంకతను లేచి పైపు కొసను నీళ్లలోంచి పైకెత్తాడు. గాలి దూరింది, దిగుడు ఆగింది.

కొస కోసి పొట్టి చేశారు. ఇప్పుడది నీటి మట్టానికి ఒకటిన్నర సెంటీమీటర్ల కిందే ఉంది. మళ్లీ ఆపి చూశారు. 14 లీటర్ల లోపే దిగింది, సంపు ఆరు సెంటీమీటర్లు పెరిగి నిలిచింది. ఇలాంటి చోట పైపుకు చిన్న రంధ్రం పెడతారు, గాలి దూరి సైఫన్ తెగుతుందని. నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వూ పెడతారు. పెట్టుకోవచ్చు గానీ నమ్ముకోకూడదు. రంధ్రాన్ని పాచి పూడుస్తుంది, వాల్వ్ నాలుక కింద ఒక నత్త ఇరుక్కుంటే చాలు. పైపు కొస ఎత్తు, సంపులో ఖాళీ చోటు, ఈ రెండూ పూడుకుపోయేవి కావు.

ఇంకొక్క పరీక్ష. అతను రెండు డ్రెయిన్ పైపుల మూతుల్లోనూ గుడ్డలు కుక్కి పంపు నడిపాడు. ట్యాంకు పెరుగుతోంది, కింద పంపు గది ఖాళీ అవుతోంది. ఆ గదిలో ఉన్నదే 15 లీటర్లు. పన్నెండో పదమూడో పైకెక్కాక పంపు గాలి పీల్చి గరగరమంది, వెంటనే ఆపేశారు. ట్యాంకు పైన రెండు సెంటీమీటర్లు పెరిగింది, అంచుకు ఇంకా రెండు మిగిలింది. పంపు గది చిన్నదిగా ఉండడమే ఇక్కడ కాపాడింది. ఈ పరీక్ష చేయని ట్యాంకు ఉన్న గదిలో నేనైతే నిద్రపోను.

గుడ్డలు తీసి, వాల్వ్ ముట్టకుండా మళ్లీ స్విచ్ వేశారు. నిమిషం పాటు రెండో పైపు హోరు, ఆపైన సైఫన్ పట్టింది, సన్న ధార తన చోటికి వచ్చింది. కరెంటు నడిరాత్రి పోయి వచ్చినా ఇలాగే జరగాలి, ఎవరూ లేవకుండా.

ట్యాంకతను పంపు గది గాజు మీద మార్కర్‌తో గీత గీసి, పిల్లను పిలిచాడు.

"పాపా, గీ గీతకన్న పైకి నీళ్లు పొయ్యొద్దు. ఎండకు ఇగిరిపోయినయన్ని గీడనే తగ్గుతయ్, మీద ట్యాంకుల తగ్గయ్. రోజూ చూసి గీత దాకా పొయ్యాలె."

తర్వాత ఇంటాయన వైపు తిరిగాడు. "అన్నా, గా సన్నటి ధార ఉన్నది చూడు, దాన్ని చూస్తె అంతా ఎరుకైతది. ధార పెద్దగైందంటె కింది పైపుల చెత్త పట్టింది. ధార బందై మళ్ల గురక పెడ్తుందంటె పంపు తగ్గింది. మీది బోరు నీళ్లు, ఉప్పు పేరుకుంటది. పంపు ఇప్పి లోపలి చక్రం వెనిగర్ల నానబెట్టి కడుగు. వాల్వ్ మాత్రం తిప్పకు."

అంటూనే వాల్వ్ చక్రానికి ప్లాస్టిక్ ట్యాగు వేసి పైపుకు కట్టేశాడు.

"చేపలు రేపు తెస్తరా?" అంది పిల్ల.

"రేపు కాదు. గా రింగుల మీద సూక్ష్మజీవులు పెరగాలె. నెల, నెలన్నర పడ్తది. అప్పటిదాంక పంపు రాత్రింబగళ్లు నడవాలె, ఆపొద్దు. అమ్మోనియా టెస్టు సున్నా చూపించినంక నాకు ఫోన్ చేయమను మీ నాయనను. మొదట నాలుగే తెద్దాం."